పప్పుచారు డేక్సాతో స్టీరింగ్ పరీక్ష

మా పాత వ్యాన్ తిన్నగా వెళ్ళాలంటే స్టీరింగును ఎప్పుడూ కాస్త కుడికి తిప్పి పట్టుకోవాలి. పట్టు సడలిందా, ఎడమపక్కన ఎవరి గేటు కనిపిస్తే ఆ గేటుకేసి చుట్టపుచూపుగా బయల్దేరేది. ఏడేళ్ళు అలాగే నడిపాను. అదొక లోపమని నాకు తోచనే లేదు. ఎవరి నడక వారిది అనుకునేవాణ్ణి.

మా ఆవిడ అలా అనుకోలేదు. కోస్తా నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం మాది. నేను ఆఫీసులో గుమాస్తాని, ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. అందరూ చిన్న కార్లు కొనుక్కుంటున్న రోజుల్లో నేను పోయి, గుండ్రటి దీపాలూ చప్పిడి ముఖమూ ఉన్న ఆ ముసలి వ్యాన్‌ని చూసి మనసు పారేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. వేగం నలభై దాటితే దాని ముందుభాగమంతా చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఒకసారి మా బావమరిదిని దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కించుకుని వస్తుంటే, ఆయన కొత్తపేట దగ్గర "కాస్త ఆపు బావా" అని దిగి, ఆటో మాట్లాడుకుని, మాకంటే ముందు ఇంటికి చేరి కాఫీ తాగుతూ కూర్చున్నాడు. ఆ అవమానం మా ఆవిడ భరించలేకపోయింది.

"దసరా లోపు ఇది తిన్నగా నడవకపోతే తుక్కు కొట్టువాడికి ఇచ్చేస్తాను" అంది. అన్నదంటే చేస్తుంది. గడ్డిఅన్నారంలో తుక్కు కొట్టువాడి ఫోన్ నంబరు తెచ్చి క్యాలెండర్ మీద రాసింది కూడా.

మర్నాడే ఎల్బీ నగర్‌లో ఒక రేకుల షెడ్డు మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి, ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళడు. బండి కింద పడుకుని ప్రార్థన పాటలు పాడుకుంటూ పనిచేస్తాడు. స్టీరింగును రెండు వేళ్ళతో అటూ ఇటూ ఊపి, నా వంక జాలిగా చూశాడు.

"సార్, గీ స్టీరింగ్ పేరుకే ఉన్నది. మీరు ఇక్కడ తిప్పితే చక్రానికి ఆ కబురు రేపు అందుతది."

ముందు చక్రం పక్కకు తిరగాలంటే కింగ్ పిన్ అనే ఇనుప కడ్డీ మీద తిరగాలి. ఆ కడ్డీ తొడుక్కునే ఇత్తడి బుష్షులు అరిగి, లోపల చిటికెన వేలు దూరేంత సందు పడిందట. నెలనెలా గ్రీజు కొట్టాలని నాకెవరూ చెప్పలేదని గొణిగాను. "బండి చెప్తనే ఉన్నది కద సార్, ఏడేండ్లసంది" అన్నాడు. పది రోజులు తిప్పలు పడి పిన్నులూ బుష్షులూ మార్చాడు, బరువు మోసే ఎడమ పట్టీ స్ప్రింగు కుంగి ఉంటే గట్టి చేయించాడు. గ్రీజు గన్ను పెట్టి, పాత గ్రీజు నల్లగా బయటికొచ్చేదాకా కొట్టాడు.

ఇక మిగిలింది రెండు ముందు చక్రాలకూ పొత్తు కుదర్చడం. అవి అప్పటికి ఎడమొగం పెడమొగంగా ఉన్నాయి. ఆ పనికి మెషీన్లు ఉంటాయి కదా అన్నాను. మెకానిక్‌కి కోపం వచ్చింది. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా తెల్ల దారం లాగి, సందు కొలిచి సరిచేయడమే అతని పద్ధతి. దానికి ఎగుడుదిగుడు లేని నేల కావాలి. అతని షెడ్డు నేల మురుక్కాలువ వైపు వాలింది, మా కాలనీలో అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లు.

"మెయిన్ రోడ్డు ఒక్కటే మట్టసంగ ఉన్నది. గది ఖాళీ కావాలంటే బంద్ రావాలె. అప్పుడే దారం కట్టుడు" అన్నాడు.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మా ఊరి చుట్టాలు ఫోన్ చేసి "అక్కడ మీకెలా ఉంది, భయంగా లేదూ?" అనేవారు. "బంద్ ఎప్పుడో తెలియడం లేదండీ, అదొక్కటే బెంగ" అన్నాను నేను. అవతల ఉన్న మా మామగారు ఫోన్ పెట్టేశారు. అల్లుడు వాళ్ళలో కలిసిపోయాడని ఊరంతా చెప్పుకున్నారట. నేను పొద్దున లేస్తూనే టీవీ ముందు కూర్చుని, బంద్ వాయిదా పడితే నాయకుల కంటే ఎక్కువ తిట్టుకునేవాణ్ణి. ఒక బంద్ వచ్చింది గానీ వాన పడింది. "తడి దారం అబద్ధం చెప్తది సార్" అని మెకానిక్ బండి ముట్టుకోలేదు.

దసరా నాలుగు రోజులుందనగా ఇంకో బంద్ వచ్చింది. ఆ రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం. అప్పుడు గానీ మా ఇద్దరి బుర్రల్లోకి అసలు చిక్కు రాలేదు. బంద్ రోజు రోడ్డు ఎందుకు ఖాళీగా ఉంటుంది? బండ్లను రానివ్వరు కాబట్టి.

కండువా వేసుకున్న పెద్దమనిషి, షెడ్డులోంచి తోసుకొచ్చిన మా వ్యాన్‌కి అడ్డంగా నిలబడ్డాడు. మెకానిక్ అతనికి బాగా తెలిసినవాడే, తనూ పొద్దుటి నుంచి నినాదాలిస్తున్నవాడే. "అన్నా, ఇంజన్ బంద్ ఉన్నది. ఇంజన్ బంద్ ఉంటే బండి సుత బంద్‌ల ఉన్నట్టే" అన్నాడు. పెద్దమనిషి ఆలోచించి ఒప్పుకున్నాడు. పదిమంది తోసి పెట్టారు. కూరగాయలు తరుగుతున్నవాళ్ళు కత్తిపీటలు వదిలేసి దారం పట్టుకున్నారు. చక్రాలు సరయ్యాయి. కానీ నడిపి చూడందే తేలదు. నడిపితే బంద్ ఉల్లంఘన. దీని మీద చౌరస్తాలో అరగంట చర్చ జరిగింది. చివరికి, చింతలకుంట వైపు కూర్చున్నవాళ్ళకు పప్పుచారు చేరాలి కాబట్టి, "ఉద్యమం బువ్వ మోసే బండికి బంద్ లేదు" అని తీర్పు వచ్చింది.

సరిగ్గా అప్పుడే, పొద్దున తినకుండా వెళ్ళిన మొగుణ్ణి వెతుక్కుంటూ మా ఆవిడ వచ్చింది. సంగతి విని, ఎడమ సీట్లో కూర్చుని, పప్పుచారు డేక్సా కాళ్ళ మధ్య పెట్టించుకుంది.

"మూత తీసెయ్యండి" అంది. "మూత ఉంటే పరీక్ష ఎలా అవుతుంది? చుక్క ఒలికిందా, సాయంత్రమే తుక్కు కొట్టుకి ఫోన్ చేస్తాను."

బయల్దేరాను. ముప్పై. నలభై. వణుకు లేదు! నలభై అయిదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ సంతోషంలో నా చేతులు ఏడేళ్ళుగా చేస్తున్న పనే చేశాయి. స్టీరింగును కాస్త కుడికి తిప్పి పట్టుకున్నాయి. బండి జన్మలో మొదటిసారి నా మాట వెంటనే వింది. నేరుగా డివైడర్ మీదికి వెళ్ళబోయింది. కంగారుగా ఎడమకు లాగాను. సగం పప్పుచారు మా ఆవిడ చీర మీదికొచ్చింది. నయం, అప్పటికది గోరువెచ్చగానే ఉంది.

"ఆపండి" అంది. ఆపాను. అయిపోయిందనుకున్నాను.

"దిగండి. బండికేం రోగం లేదు, రోగం మీ చేతులకి."

ఆవిడకు లైసెన్సు ఉంది. ఎప్పుడో తీసుకుంది, జిరాక్సులకు తప్ప వాడలేదు. నేను బండి ఇస్తే కదా. కొంగు నడుముకు చుట్టి, నన్ను వెనక కూర్చోబెట్టి, కుడి సీట్లో తను కూర్చుని, మిగిలిన పప్పుచారును చుక్క తొణకకుండా చింతలకుంట చేర్చింది. అక్కడ చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చాక మెకానిక్ నా చేతులు పట్టుకుని పరీక్షగా చూసి, "వీటికి దారం కట్టుడు నా తోని కాదు సార్" అన్నాడు.

అక్కడే తిన్నాం. సాయంత్రం బంద్ ముగిశాక ఇంటికి కూడా ఆవిడే నడిపింది. ఏడేళ్ళలో ఎడమ సీట్లో కూర్చోవడం నాకదే మొదలు. ఎదురుగా పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ ఉంది. దాని మీది రంగు సరిగ్గా నాలుగు వేళ్ళంత మేర అరిగిపోయి, లోపలి ఇనుము మెరుస్తోంది. నేను వేళ్ళు పెట్టి చూశాను, నావి పట్టలేదు. అవి చిన్న చేతి వేళ్ళ గుర్తులు.

"ఇంత భయపడేదానివా?" అన్నాను.

"రోడ్డు చూడనివ్వండి" అంది.