తుప్పు కింద ఇత్తడి

నా చిన్నప్పుడు మా ఇంటి ముందర రెండేళ్ళపాటు ఒక చచ్చిన బస్సు పడి ఉండేది. చక్రాలు లేవు, అద్దాలు లేవు. పులివెందుల పక్క మా పల్లెలో వానలు తక్కువే అయినా, వంక నీళ్ళలో నెలల తరబడి మునిగి ఉండటంతో అది నిలువెల్లా తుప్పు పట్టింది. ముట్టుకుంటే ఎర్రటి పొడి చేతికంటుకునేది. దాన్ని నాలుగు జతల ఎడ్లతో లాగించి ఇంటికి తెప్పించింది మా అత్త, అంటే మా నాయనకు అక్క. అది ఆమె మొగుడి బస్సు.

మా మామ మిషను ఆసుపత్రిలో డ్రైవరుగా చేసి, వాళ్ళు వద్దనుకున్న బండిని తీసుకొని, పైన చెక్కలు బిగించి బస్సు చేసుకున్నాడు. మా మాదిరి కిరస్తానీ ఇంటికి బస్సేమిటని ఊళ్ళో చాలామందికి మింగుడుపడలేదు. అందరికంటే ఎక్కువగా, అదే దారిలో ముందునుంచీ బస్సు నడిపిస్తున్న పెద్దింటాయనకు. ఒకరోజు ఆయన నడివీధిలో మా మామ చొక్కా పట్టుకొని, "నీ బండి ఎన్నాళ్ళు తిరుగుతాదో చూస్తా" అన్నాడు. వారం తిరక్కముందే వంక దిగుడులో బ్రేకు పడక బస్సు బోల్తా కొట్టింది. ఇంకా ఎవరూ ఎక్కలేదు గనుక మా మామ ఒక్కడే పోయాడు.

"కోసినారు. బ్రేకు కడ్డీ కోసినారు" అని సమాధి మీద మట్టి వేస్తూనే అంది అత్త.

ఆ తర్వాత ఆమె ఏడవడం నేను చూడలేదు. పెద్దింటాయన బస్సు వీధిలోకి వస్తే గోడ వైపు తిరిగి నిలబడేది. భోజనానికి ముందు మా నాయన దేవునికి స్తోత్రం చెప్పి ముగిస్తుంటే, "వాని ఇల్లు కూలల్ల ప్రభువా" అని అత్త చివర ఒక మాట కలిపేది. నేను దానికి కూడా ఆమెన్ అనేదాన్ని.

మరుసటి ఎండాకాలం, కుక్క కూడా వీధిలోకి రాని మిట్టమధ్యాహ్నం, అత్త ఒక చిన్న కుండలో నిప్పులు పెట్టుకొని నన్ను వెంట తీసుకుపోయింది. పెద్దింటాయన దొడ్డి వెనక జొన్నసొప్ప వామి ఉండేది. నేను గోడ మలుపులో నిలబడి ఎవరైనా వస్తున్నారేమో చూడాలి. ఎవరూ రాలేదు. మేము ఇల్లు చేరేసరికి మంట తాటిచెట్టు ఎత్తున లేచింది. నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. ఇప్పుడు దాన్ని దాచి ప్రయోజనం లేదు.

ఆ నేరం ఆయన జీతగాని మీద పడింది. బీడీ కాల్చి పారేశాడన్నారు. తర్వాత కావాలనే పెట్టాడన్నారు. దొడ్డిలో గుంజకు కట్టి కొట్టారు. మూడో రోజు అతను పెళ్ళాన్నీ, నా ఈడు కూతురినీ వెంటబెట్టుకొని, నెత్తిన మూటతో మా వాకిలి ముందునుంచే ఊరు విడిచిపోయాడు. అత్త గడపలో నిలబడి చూసింది. నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు.

అత్తకు వామి కాలడంతో కడుపు నిండలేదు. కోసిన కడ్డీని కచ్చేరిలో పెట్టి పెద్దింటాయనను జైలుకు పంపాలి. ఆపైన అదే దారిలో, ఆయన బస్సు పక్కనే తన బస్సు తిరగాలి. కడ్డీ రెండు ముక్కలై వేలాడుతున్న మాట నిజమే. కానీ మందంగా పేరుకున్న తుప్పు కింద అది కోసిందో విరిగిందో తెలియడం లేదు. ఆకురాయితో గీకితే గాటు చెరిగిపోతుందని మా నాయన గీకనివ్వలేదు.

నాయన రాతినార, అంటే ఆస్బెస్టాస్, తవ్వే గనిలో, రాతికి తూట్లు పొడిచే గాలి మిషను దగ్గర పనిచేసేవాడు. "గాలితో ఇసక కొడితే తుప్పు ఒకటే పోతాదక్కా, ఇనుము అట్లే ఉంటాది" అన్నాడు. మేస్త్రీని బతిమాలి, గనికి సెలవైన ఒక ఆదివారం ఆ మిషనును బండికి కట్టి ఇంటికి తెచ్చాడు. ఆరోజు మేము గుడికి పోలేదు.

వంక ఇసుకను అత్తా నేనూ అంతకుముందే ఎండబెట్టి, మూడుసార్లు జల్లెడ పట్టి ఉంచాము. నాయన కిరసనాయిలు డబ్బాకు తూటు చేసి, అందులో ఆ ఇసుక పోసి, దానికీ గాలి గొట్టానికీ సన్నమూతి గొట్టం ఒకటి బిగించాడు. మొహానికి తడిగుడ్డ చుట్టుకొని, గని అద్దాలు పెట్టుకున్నాడు. మిషను మొదలవగానే కోళ్ళు గోడలు దూకి పారిపోయాయి. ఇసుక తగిలిన చోటల్లా ఎర్రటి దుమ్ము లేచి, దాని వెనక ఇనుము బూడిద పూసినట్టు తెల్లగా బయటపడింది. చూడటానికి అది ఏదో మహిమ జరిగినట్టే ఉంది. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "కడ్డీ మీద కొట్టు, కడ్డీ మీద కొట్టు" అని అరుస్తూనే ఉంది.

కడ్డీ మీద కొట్టిన కాసేపటికి నాయన గాలి ఆపేశాడు. అద్దాలు తీసి దగ్గరగా వంగి చూశాడు. తెల్లటి ఇనుము చివర, విడిపోయిన రెండు కొసల్లోనూ, పచ్చగా ఇత్తడి మెరుస్తోంది.

"అక్కా, ఇది కోసిన గాటు కాదు. ముందే ఎప్పుడో విరిగిన దాన్ని కొలిమిలో ఇత్తడి పోసి అతికించినారు. ఆ అతుకే ఊడింది."

అత్త ఆ కొసను వేలితో తడిమింది. మాతో చెబుతున్నట్టు కాకుండా, తనలో తాను అంది. "ఆయన పోయే ముందు వారం నా ఇత్తడి గిన్నె అడిగి తీసుకపాయ. ఎందుకంటే నవ్వె. విరిగిన కడ్డీ అతకను, కొత్తది వచ్చేదాకా అని ఒక్క మాట చెప్పకపాయ."

ఆమె చెయ్యి కూడా కడుక్కోలేదు. నా రెక్క పట్టుకొని ఆ ఎండలోనే పెద్దింటికి నడిచింది. ఆయన అరుగు మీద పడుకొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి కూర్చున్నాడు.

"మీ వామికి నిప్పు పెట్టింది నేనయ్యా. మీ జీతగాడు కాదు."

"ఎందుకు పెడితివి?"

"నా మొగుని బండి కడ్డీ మీరు కోయించినారనుకుంటి. కోయలేదు. ఈ పొద్దు తెలిసె."

ఆయన చేతికర్ర ఎత్తాడు. అత్త కదలలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ చప్పుడు వినబడకపోతే తెరిచి చూశాను. కర్ర దించి ఒళ్ళో పెట్టుకొని ఉన్నాడు.

"వాడు 'నేను కాదు సామీ' అని ఏడ్చినాడు. నేను ఇన్లేదు" అన్నాడు. "నిన్ను కొడితే వాని దెబ్బలు పోతాయా? ఊరంతా ఇనేటట్టు చావిట్లో చెప్పు. ఆమీద పోయి వాణ్ని ఎదుక్కో."

అత్త చావిట్లో చెప్పింది. కొందరు ఉమ్మేశారు. అన్నీ వింటూ నిలబడింది. నెల తిరిగేలోపు జీతగాడు కోడుమూరు వైపు రోడ్డు పనిలో కంకర కొడుతున్నాడని తెలిసింది. అత్తా నేనూ ఎర్రగుంట్లలో రైలెక్కి, దిగిన తర్వాత ఎద్దులబండి మీద, అక్కడికి చేరుకున్నాము.

అతను సుత్తి కింద పెట్టకుండానే అంతా విన్నాడు. అత్త కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగాడు.

"నాకు చెప్పి ఏం ఫలమమ్మా? నేను పెట్టలేదని నాకు తెలుసు. నా బిడ్డకు చెప్పు. దానికే తెల్దు. ఊర్లో అందరూ అంటే అదీ నమ్మింది. ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడదు."

ఆ పిల్ల కంకర కుప్పకు అవతల గంపలో రాళ్ళు ఎత్తుతోంది. అత్త పోయి దాని ముందు నేల మీద కూర్చుని, నిప్పు తనే పెట్టానని చెప్పింది. "నేను గూడా ఉంటి. కాపలా కాసింది నేనే" అన్నాను. ఆ పిల్ల మమ్మల్ని తిట్టలేదు. గంప దించి, మమ్మల్ని దాటుకొని పోయి, రాళ్ళు కొడుతున్న తండ్రి వీపు మీద చెయ్యి పెట్టి, "నాయనా" అంది. సుత్తి ఆగిపోయింది.

వాళ్ళు మా ఊరికి తిరిగి రాలేదు. బస్సును నాయన బాగుచేసి గనివాళ్ళకు అమ్మేశాడు. అత్త ఇంకెప్పుడూ ప్రార్థనలో మాట కలపలేదు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. కోపంతో ఒళ్ళు మండి, ఇది ఫలానావాడే చేశాడు అని నోటిదాకా వచ్చిన రోజులు నా బతుకులో తక్కువేమీ కాదు. అలాంటప్పుడల్లా ఆ ఎండలో, ఆ కంకర కుప్ప పక్కన, ఆ పిల్ల పిలిచిన పిలుపు నాకు వినబడుతుంది. విన్నాక ఆ మాట నా నోట రాదు.