బంగ్లా కూలిన రోజు మేము కాళేశ్వరంలో ఉన్నాం

ఈ మాట ఇన్నేళ్లలో నా గొంతు దాటలేదు. భర్తకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా దాన్ని పక్కకు నెట్టి మిగతావన్నీ మొక్కుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీతో చెప్పగలుగుతున్నాను.

కేసముద్రంలో స్టేషన్‌కు వెళ్లే దారిలో మా తాత కట్టించిన బంగ్లా ఉండేది. నిజాం కాలంలో, పత్తి వ్యాపారం కలిసొచ్చిన రోజుల్లో, హైదరాబాద్ నుంచి మేస్త్రీలను పిలిపించి కట్టించాడట. డంగుసున్నం గోడలు. నడి ఎండాకాలంలోనూ వీపు ఆనిస్తే చల్లగా ఉండేవి. ముందు వరండాకు కమాన్లు, లోపల టేకు దూలాల హాలు, హాలు కిటికీల పైన రంగుటద్దాలు. సాయంత్రం ఎండ వాటిలోంచి దిగి నేల మీద ఎరుపు, ఆకుపచ్చ మరకలుగా పాకేది. అక్కా నేనూ వాటిని కాళ్లతో తొక్కుతూ ఆడుకునేవాళ్లం. ఊరు గడబిడగా ఉన్న రోజుల్లో ఎన్నో కుటుంబాలు ఆ హాల్లోనే తలదాచుకున్నాయని నానమ్మ చెప్పేది.

అమ్మా బాపూ పోయాక అక్క ఒక్కతే అందులో ఉండేది. పెళ్లి చేసుకోలేదు. బడిలో పాఠాలు చెప్పేది, ఏటా వానలకు ముందు దగ్గరుండి పైకప్పు బాగు చేయించేది. కాగితాల మీద మాత్రం బంగ్లా మా అన్న పేరున ఉంది. మా ఇద్దరి నడిమివాడు అన్న. దాన్ని పడగొట్టి దుకాణాలు కట్టాలని వాడి ఆశ. అక్క ఊరుకోలేదు. పాత కట్టడాలను కాపాడే ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి హైదరాబాద్ నుంచి సార్లు చూడటానికి వస్తామన్నారు. వాళ్లు చూసి సరేనంటే ఇక ఇటుక కూడా కదపడానికి ఉండదు.

అది తెలిసి అన్న జనగామలో మా ఇంటికి వచ్చాడు.

"అక్కను జర కాళేశ్వరం తీస్కపో చెల్లె. ఎన్క అర్రలు కూలేటట్టున్నయ్, గవ్వే తీపిస్త. ముంగటి హాలు ముట్ట. ఆమె ఉంటే లొల్లి చేస్తది."

కట్టబోయే దుకాణాల్లో ఒకటి మా అబ్బాయికి ఇస్తానని కూడా అన్నాడు.

నేను నమ్మానా? నమ్మాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. మరి వెనక గదులు తీయడానికి అక్కను అంత దూరం పంపాల్సిన పనేముందని ఒక్క మాటైనా ఎందుకు అడగలేదు? అడిగితే నిజం చెప్తాడేమోనని భయపడ్డాను. నిజం తెలిస్తే కాదనాలి. కాదంటే దుకాణం రాదు.

అక్క ఎంత సంబరపడిందో. భూపాలపల్లి దాటాక బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. గోదావరిలో మునిగి, గుళ్లో ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలకూ మొక్కి బయటికొచ్చి, "సార్లకు బంగ్లా నచ్చాలె అని మొక్కిన" అంది. నేను కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని నవ్వాను. అవును, నవ్వాను.

తిరిగొచ్చేసరికి బంగ్లా లేదు. హాలు కూడా లేదు. టేకు దూలాలు లారీకి ఎక్కించేశారు. గోడల మట్టి ట్రాక్టర్లలో పోతోంది. అక్క ఏడవలేదు. ఆ సున్నపు దుమ్ములో నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

"నీకు ఎర్కేనా?"

"లేదక్కా. నీ మీద ఒట్టు."

"నువ్వన్నా నా దిక్కున్నవ్. గది చాలు."

అన్న నన్నూ మోసం చేశాడు. హాలు ముట్టనన్నది అబద్ధం, దుకాణం ఇస్తానన్నదీ అబద్ధమే. కానీ ఎవరితో చెప్పుకోను? మోసపోయానని ఏడవాలంటే ముందు నేను చేసింది చెప్పాలి. అందుకని నోరు మూసుకుని అక్కను మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటినుంచి ఆమె అన్న పేరెత్తలేదు.

తర్వాత చాలా ఏళ్లకు అన్న మహబూబాబాద్ దవాఖానలో పడ్డాడు. అక్కను ఒక్కసారి చూడాలని కబురు పంపాడు. అక్క మనసు కరిగింది. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "పోదామా?" అని నన్నే అడిగింది.

పోయే ప్రాణం కదా, అన్న అంతా చెప్పేస్తాడనిపించింది. "ఎందుకక్కా, నిన్ను గంత మోసం చేసినోడు" అన్నాను.

అక్క చెప్పులు విడిచి లోపలికొచ్చింది. ఆ వారంలోనే అన్న పోయాడు.

బంగ్లా విషయంలో తప్పు సగం అన్న మీదికి తోయగలను. ఇది ఎవరి మీదికి తోయను? తోడబుట్టినవాడు చివరిచూపు కోసం ఎదురుచూస్తూ పోయాడు. చూడాలనుకున్న అక్కను ఆపింది నేను.

మొన్న వానాకాలంలో అక్క కూడా వెళ్లిపోయింది. పెద్దకర్మ నాడు మా మేనత్త నా తల నిమిరి, "అక్కను కన్నతల్లి లెక్క సూస్కున్నవ్ బిడ్డా" అంది. అందరూ అవునన్నారు. నేనూ తలూపాను. అంతటి మోసం చేసిన నేను ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

నన్ను క్షమించగలిగినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ లేరు. మిమ్మల్ని క్షమించమని అడగను, ఆ బరువు మీకెందుకు. ఇదంతా రాసి లేచేసరికి మధ్యాహ్నమైంది. ఆకలేస్తోంది. పెద్దకర్మ నాటినుంచి ఇంట్లోవాళ్లు బతిమాలితేనే తింటున్నాను. ఇవాళ నేనే వెళ్లి కంచం పెట్టుకుంటాను.