నర్సమ్మగారు లాల పోయించిన వైనం

పెద్దింటమ్మగారి దోనె కొల్లేటి లంక ఒడ్డుకి తగలగానే ఊళ్ళో రెండు రకాల పరుగులు మొదలయ్యేవి. సూదికి భయపడి పిల్లలు చేపల బుట్టల వెనక్కి పరిగెత్తేవారు. ముసలమ్మలు ఇంట్లోకి పరిగెత్తి ఆముదం సీసా, సాంబ్రాణి కుంపటి దాచేసేవారు. సూది తప్పించుకున్న పిల్లలుంటే ఉండొచ్చు గానీ, ఆవిడ ఉపన్యాసం తప్పించుకున్న ముసలమ్మ ఒక్కతీ లేదు.

ఆవిడ పుట్టింది కూడా ఆ లంకల్లోనే, చేపలు పట్టే ఇంట్లోనే. అమ్మవారి పేరు పెట్టారు కదా అని చిన్నప్పటి నుంచీ అందరి మీదా పెత్తనం చేసేది. ఏలూరులో నర్సు ట్రైనింగయ్యి, తెల్లచీర కట్టుకుని, భుజాన టీకాల ఐసు డబ్బా తగిలించుకుని తిరిగొచ్చాక ఆ పెత్తనానికి గవర్నమెంటు జీతం కూడా తోడైంది. మొగుడు సూర్రావుగారు పాపం బతికున్నంతకాలం చేతులు చాపి గోళ్ళు చూపించాకే కంచం ముందు కూర్చున్నాడు.

పసిబిడ్డలకి కాళ్ళ మీద లాల పొయ్యడమంటే ఆవిడకి ఒళ్ళు మంట. ముసలమ్మ పీట మీద కాళ్ళు బారజాపి కూర్చుని, బిడ్డని ఆ కాళ్ళ మీద వేసుకుని, నూనె పట్టించి, చెంబుతో వేణ్ణీళ్ళు పోసి, ముక్కులో ఊది, చెవుల్లో నూనె చుక్కలు వేసి, చివరికి పొగ పట్టేది. ఊదడం, చెవిలో నూనె, పొగ తప్పేనని డాక్టర్లూ అంటారు. ఆవిడ కోపం మూడింటితో ఆగే రకమా? పనిలో పనిగా కాళ్ళు బారజాపడం కూడా నిషేధించేసింది.

ఈ నిషేధానికి లొంగనిది ఒక్క వీరలక్ష్మి. లంకలో ఏ ఇంట బిడ్డ పుట్టినా లాల పోసేది ఆవిడే. నర్సమ్మగారు ఓసారి పదిమందిలో వీరలక్ష్మి చేతులు పట్టుకుని పైకెత్తి, "చూడండమ్మా, ఈ గోళ్ళ కింద కొల్లేరంతా ఉంది!" అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

రిటైరయ్యాక పెద్దింటమ్మగారు తాడేపల్లిగూడెంలో కూతురు లక్ష్మీదుర్గ ఇంటికి చేరింది. పెత్తనం చెయ్యడానికి ఊళ్ళు పోయాయి, మనవరాలు ఇందుజ ఒక్కతే మిగిలింది. దానికి జడలు వేసింది, బాక్సులు కట్టింది, కాలేజీ బస్సెక్కేదాకా వెనకాలే నడిచి, తేరిపార చూసిన కుర్రాళ్ళకి చూపుల్తోనే సూది పొడిచింది. ఆ ఇందుజ పెళ్ళై, కాన్పుకి పుట్టింటికొచ్చి, ఆడపిల్లని కంది.

పిల్ల ముద్దుగానే ఉంది గానీ, ఏడుపంటే ఏడుపు కాదు. డాక్టరు చూసి ఏ లోపమూ లేదన్నాడు. పెద్దింటమ్మగారూ కడుపు తడిమి చూసింది, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించింది, చీమలున్నాయేమోనని బట్టలు దులిపింది. అన్నీ బాగానే ఉన్నాయి, నిద్రొక్కటే లేదు. పిల్ల పడుకోదు, తల్లిని పడుకోనివ్వదు. ఇందుజ గోడకి చేరబడి, "ఒక్క పూట కన్ను మూస్తే చాలు అమ్మమ్మా" అని వెక్కివెక్కి ఏడ్చింది. అది చూసి ఆవిడ గుండె నీరైపోయింది.

ఆవిడకి ఉపాయం తెలుసు. లంకల్లో లాల కాగానే మొద్దుల్లా పడుకున్న పిల్లల్ని టీకాకి లేపలేక ఎన్నిసార్లు విసుక్కుందో! "పోనీ టబ్బు మానేసి కాళ్ళ మీద పోద్దామా అమ్మా?" అని లక్ష్మీదుర్గ అననే అంది. అలవాటు కొద్దీ ఆవిడ, "నర్సు ఇంట్లోనా? సిగ్గులేదూ!" అని అరిచేసింది. అరిచాక నాలిక్కరుచుకుంది. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకి ట్రైనింగులో నేర్పలేదు.

మర్నాడు బ్యాంకులో పనుందని చెప్పి భీమడోలు బస్సెక్కింది. అక్కణ్ణుంచి ఆటోలో లంకకి.

వీరలక్ష్మి వాకిట్లో స్టూలు మీద కూర్చుని కర్రతో ఎండుచేపలు తిరగేస్తోంది. ఆటో దిగిన మనిషిని చూసి, లేవకుండానే రెండు చేతులూ ముందుకి చాపింది.

"రండి నర్సమ్మగారూ. గోళ్ళు తీసే ఉన్నాయండి, చూసుకోండి."

"నేను తనిఖీకి రాలేదే."

"అయ్యో, ముందే చెప్పొద్దాండీ? ఆముదం సీసా దాచేద్దామనుకుంటున్నాను."

"మా ఇందుజకి ఆడపిల్ల పుట్టింది వీరలక్ష్మీ."

"సంతోషమండి. టీకాలు వేయించారా?"

పెద్దింటమ్మగారు పళ్ళు నూరుకుంది. "పిల్ల నిద్రపోవట్లేదు. నువ్వొచ్చి లాల పొయ్యాలి."

"వినపడలేదండి. చెవుల్లో ఎవరో నూనె పోసినట్టున్నారు."

"కాళ్ళ మీద లాల పొయ్యాలి! చాలా?"

వీరలక్ష్మి కర్ర పక్కన పడేసి, "ఏవండోయ్, విన్నారా! నర్సమ్మగారు కాళ్ళ మీద లాల పొయ్యమంటున్నారు!" అని వీధికంతా వినిపించి, చీర మార్చుకోవడానికి కుంటుకుంటూ లోపలికెళ్ళింది.

తిరుగు బస్సులో బేరాలు మొదలయ్యాయి.

"ముక్కులో ఊదకూడదు."

"సరేనండి."

"చెవిలో నూనె వద్దు. పొగ అసలే వద్దు."

"ఇంకేం మిగిలిందండీ? ఉంగుటూరులో దిగిపోనా?"

"కాళ్ళు మిగిలాయి కదే!"

"నా కాళ్ళెక్కడివండీ? చెరువు గట్టు మీద జారిపడితే తుంట్లో ప్లేటు వేశారు. నేను కింద కూర్చోలేను. నీళ్ళు నేను పోస్తాను. కాళ్ళు మీవే."

పెద్దింటమ్మగారు కిటికీలోంచి చేలు చూస్తున్నట్టు నటించింది.

ఇంట్లో లక్ష్మీదుర్గ, ఇందుజ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, పెరటి వసారాలో నర్సమ్మగారు చీర మోకాళ్ళ పైకి లాక్కుని, పీట మీద కాళ్ళు బారజాపి కూర్చుంది. వేలమంది పిల్లల్ని ఎత్తిన ఆ చేతులతో మునిమనవరాల్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది.

"పాదాలు దగ్గర పెట్టండి. మధ్యలోంచి జారిపోగలదు. ట్రైనింగులో చెప్పలేదాండీ?" అంది కుర్చీలోంచి వీరలక్ష్మి.

"ముందు నీళ్ళ వేడి చూడనీ."

మోచేత్తో ఒకసారి చూసింది. నమ్మకం చాలక ఇంకోసారి చూసింది. వీరలక్ష్మి నూనె రాసి, మొహం మీద పడకుండా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, సన్నగా ధార కట్టింది. పిల్ల కెవ్వుమంది. ఊరంతా వినపడేలా ఏడ్చింది. తర్వాత ఏడుపు సన్నబడింది. తర్వాత నోరు తెరిచి ఆవలించింది. తుడిచి, మెత్తటి పాతచీర ముక్క చుట్టేసరికి ఆ కాళ్ళ మీదే కళ్ళు మూతలు పడ్డాయి.

ఎత్తబోతే పిల్ల పెదవి విరిచింది. "కదపకండి!" అని ముగ్గురూ ఒకేసారి గుసగుసలాడారు.

ఇందుజ గుమ్మంలోనే చాప మీద ఒరిగి గురక పెట్టేసింది. లక్ష్మీదుర్గ కునుకుతూ లోపలికెళ్ళింది. పెద్దింటమ్మగారి మోకాళ్ళు పట్టేశాయి. అయినా కదలకూడదు, దగ్గకూడదు, గొంతెత్తకూడదు. ఆ సంగతి వీరలక్ష్మి కూడా గమనించింది.

"మా పెద్దమ్మాయి పుట్టినప్పుడండీ, మీరు మా ఇంటికొచ్చి ఏమన్నారో గుర్తుందా?" అని మెల్లిగా మొదలుపెట్టింది.

నర్సమ్మగారు జవాబుకి నోరు తెరిచింది. కాళ్ళ మీద పిల్ల కనురెప్పలు అదిరాయి. నోరు మూసుకుంది.

"గుర్తులేకపోతే నేను చెబుతానండి, మొదట్నుంచీ," అని వీరలక్ష్మి కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.