సగం పందిరి

అలియాబాద్‌లో దుర్గాబాయి నోటికి జడిసి భూముల బేరగాళ్ళు ఆమె తోట ఛాయలకు వచ్చేవాళ్ళు కాదు. కరీంనగర్ రోడ్డుకు కాస్త లోపలగా రెండెకరాల ద్రాక్షతోట ఆమెది. చుట్టుపక్కల తోటలన్నీ ఒక్కొక్కటే ప్లాట్లవుతున్న రోజుల్లో, ఊరివాడే గదా అని గండయ్య ఒకసారి బేరం మోసుకొచ్చి గట్టు మీద నిలబడ్డాడు. చేతిలో కత్తెర కింద పెట్టకుండానే ఆమె జవాబు చెప్పింది.

“నా పందిరి నిలవడ్డన్ని దినాలు గీ భూమి అమ్మను. పందిరి కూలినంక రా గండయ్యా, మాట్లాడుదం.”

ఆ మాటను ఊరంతా చెప్పుకుని నవ్వింది. రాతి కడీల మీద నిలిచిన పందిరి కూలేదెప్పుడు, ఈ మొండిది అమ్మేదెప్పుడు!

ఆ పందిరి ఆమె పెనిమిటి సోమయ్య వేసింది. రెండెకరాల నిండా కడీలు పాతి, పైన ఇనుప తీగలు అల్లించి, చుట్టూ అంచున వాలుగా ఊతరాళ్ళు దింపి, తీగలన్నీ లాగి వాటికి బిగించాడు. దసరా వెళ్ళగానే కొమ్మలు కత్తిరించేవాడు. శివరాత్రి దాటేసరికి గుత్తులు తీపెక్కేవి. ఇందులో ఆలోచించడానికి ఏమీ ఉండేది కాదు. కాలం తన పని తాను చేసేది, సోమయ్య తన పని తాను చేసేవాడు.

తొంభైల నడుమ సోమయ్య కామెర్లొచ్చి పోయాడు. కాలం కూడా ఆయన వెంటే పోయిందని దుర్గాబాయి అనేది. దసరా దాటినా ముసురు వదిలేది కాదు. లేత ఆకుల కింద తెల్ల బూజు పట్టి పూతంతా రాలేది. ఆమె కత్తిరింపును దీపావళి తర్వాతికి జరిపింది. ఆడదానికి వ్యవసాయం అబ్బితే ఇట్లాగే ఉంటుందని వెక్కిరించిన మగవాళ్ళు, ఆ ఏడు ఆమె తోట ఒక్కటే కాయడం చూసి నోళ్ళు మూసుకున్నారు. అయితే ఆలస్యంగా కత్తిరిస్తే ఆలస్యంగానే పండుతుంది కదా. బూజును తప్పించుకున్న గుత్తులు ఎండాకాలం రాళ్ళవానకు ఎదురువెళ్ళేవి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెంటి నడుమ ఆమె ఏళ్ళు నెట్టుకొచ్చింది.

తర్వాత వానలే మానేశాయి. శామీర్‌పేట చెరువు నెర్రెలు విచ్చింది. ఆమె బోరు కాసేపు నీళ్ళు, కాసేపు గాలి పోసేది. ఆ నీళ్ళు సగం తోటకే చాలేవి.

“సగం ఇడిసిపెడుదమే అమ్మా,” అన్నాడు కొడుకు బాలేష్. “ప్లాట్లోళ్ళు కంచెలకని కడీలకు ఎగవడుతున్నరు. కింది సగం కడీలు అమ్మి, బోరు లోతు చేపిద్దం. మీది సగమన్న బతుకుతది.”

దుర్గాబాయి రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు తానే గొడ్డలి పట్టి కింది సగంలో మొదటి ద్రాక్ష మొదలు నరికింది. నరికినచోట తడి తగులుతుందేమోనని వేలు పెట్టి చూసింది. తగల్లేదు. ఇక ఆగకుండా నరుకుతూ పోయింది.

పందిళ్ళు వేయడంలో తల నెరిసిన సిద్దయ్య తాత వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

“పందిరంటే నులక మంచం తీరు బిడ్డా. సగం కోసి మిగిలిన సగం మీద పండుకుంటనంటే అయితదా? ఈ కొత్త అంచుకు ఊతరాళ్ళు లోతుగ దిగాలె.”

దింపబోతే మూరెడు లోతులో గడ్డపార ఖంగుమంది. కింద పరుపుబండ. పేలిస్తే గానీ రాయి దిగదు. పేల్చడానికి చేతిలో ఏమీ లేదు; అంతా బోరు మింగేసింది. ఉన్న లోతులోనే రాళ్ళు నిలిపి, మొదట్లో గుండ్లు పేర్చి, తీగలు కట్టారు.

“గీ ఒక్క పంట ఆగనియ్యి తాతా. చేతికొస్తే జల్దీ బండ పేల్పిస్త,” అంది దుర్గాబాయి.

ఆ ఏడు సగం పందిరి విరగకాసింది. అలా కాసి చాలా ఏళ్ళయింది. గుత్తుల బరువుకు తీగలు కిందికి వంగితే ఆమె కింద నడుస్తూ తల వంచుకుని నవ్వుకునేది. కోతకు కూలీలను మాట్లాడుకొచ్చిన సాయంత్రం ఉత్తరాన మబ్బు పట్టింది.

ముందు గాలి, వెనకే రాళ్ళవాన, ఆ వెనక కుండపోత. ఎన్నేళ్ళుగానో దండం పెట్టి అడిగిన వాన! మూరెడు మట్టి నానిపోయి కొత్త అంచులో ఒక ఊతరాయి బండ మీద జారింది. దుర్గాబాయి పరుగున పోయి దాన్ని రెండు చేతులా వాటేసుకుంది. బాలేష్ ఆమె నడుం పట్టి వెనక్కి ఈడ్చాడు. ఈడ్చాడు గనుక బతికింది. తీగలు కొరడాల్లా లేచి, వరస వెనక వరస, కాయతో సహా పందిరంతా బురదలో పడుకుంది. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. ఆమెను కరిచింది తాను కట్టుకున్న తీగే.

గండయ్య వెంటనే రాలేదు, వాడూ మనిషే. కొన్నాళ్ళకు వచ్చి గట్టు మీదే నిలబడ్డాడు.

“పందిరి కూలినంక రమ్మంటి గద. వచ్చినవ్. కూసో,” అంది దుర్గాబాయి.

అమ్మేశాక ఆమె అటువైపు వెళ్ళనంది. అయినా ఒకరోజు పెద్ద చప్పుడు వినబడితే కాళ్ళు ఆగలేదు. ప్లాట్లవాళ్ళు పరుపుబండను పేలుస్తున్నారు. ఆమెకు ఏడాదిగా సాధ్యం కానిది ఒక్క పూటలో అయిపోయింది. ఆ గోతుల్లో సోమయ్య కడీలనే నడుంలోతు దింపి, ఖాళీ నేల చుట్టూ కంచె వేశారు.

అందరూ వెళ్ళాక దుర్గాబాయి ఒక కడీకి భుజం ఆనించి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి తోసింది. అది కదల్లేదు. పందిరి కూలిన నాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.