నూట ఎనభైకీ మూడుకీ మధ్య బేరం

స్విచ్చి తయారుచేసిన కంపెనీతోనే బేరమాడిన మొనగాణ్ణి నేను. ఆ కంపెనీ వాడు అక్కడ లేడు. అయినా ఆడాను.

కాశీబుగ్గలో మా మేనమామకి జీడిపప్పు కొట్టు, టెక్కలిలో గోడౌను. రెండుచోట్ల కంప్యూటర్లూ ఒకే కప్పు కింద ఉన్నట్టు పనిచేయాలని, అద్దె ఇంటర్నెట్ మీద మా సొంత దారి ఒకటి పరిచాను. ఓవర్‌లే అంటారు. ఇటొక స్విచ్చి, అటొక స్విచ్చి. "బతికున్నావా?" అని ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. కంపెనీ రాసిపెట్టిన లెక్క ప్రకారం నూట ఎనభై సెకన్లు పలుకు లేకపోతే ఆ దారి పోయిందనుకుని రెండో దారి పడతాయి. మొదటిది కేబులు, రెండోది డాబా మీద టవరు వైపు తిప్పిన డిష్షు.

కేబులు తెగినప్పుడల్లా మూడు నిమిషాలు బిల్లు ఆగేది.

"మూడు నిమిసాలేట్రా? బేరం సల్లారిపోతంది," అనేవాడు మామ.

కొట్లో పెరిగినవాణ్ణి. రాసి ఉన్న రేటు ఎప్పుడూ ఎక్కువేసి చెప్పిందేనని నా నమ్మకం. అందుకని టెక్కలి స్విచ్చిలో మూడు సెకన్లు పెట్టి, కాశీబుగ్గ వైపు నూట ఎనభై అలాగే ఉంచాను. వాడొక మాట, వీడొక మాట అంటే బేరం మధ్యలో ఎక్కడో తెగుతుంది కదా!

ఒకరోజు విజయనగరం వ్యాపారి వచ్చి కొట్లో కూర్చున్నాడు. అతని లారీ టెక్కలి గోడౌను ముందుంది. ఇక్కడ బిల్లు పుడితేనే అక్కడ సరుకు కదులుతుంది. లేదంటే అతను లేచి పక్క కొట్టుకి పోతాడు.

అప్పుడే రోడ్డు తవ్వేవాళ్లు కేబులు తెంపారు. మూడు సెకన్లలో డిష్షు అందుకుంది. మామ మీసం దువ్వాడు. బయట ఈదురుగాలి. డిష్షు ఊగితే ఓ నాలుగు సెకన్లు మాట వినపడదు. మా స్విచ్చిలు మూడుకే పాడె కట్టేస్తున్నాయి. మళ్లీ పలకరింపులు, దారులన్నీ మొదటినుంచి నేర్చుకోవడం. అది అయ్యేలోపు ఇంకో గాలి. బిల్లు సగంలోనే.

"ఏటి బావా, నీ సిస్టమే నిలబడ్లేదు, నీ రేటేటి నిలబడతాది? కేజీకి ఐదు తగ్గించు," అన్నాడు వ్యాపారి.

మామ తగ్గించి నావైపు చూశాడు. ఇంకోసారి పడింది. ఇంకో ఐదు.

స్విచ్చిలోకి తొంగిచూశాను. రెండిటి మధ్య కుదిరిన ఒప్పందం: మూడు. మధ్యలో తెగలేదు. ఎవరు తక్కువ చెబితే అదే ఖాయమట! ఇలాంటి బేరగాళ్లు మా బజారులో వారం బతకరు.

ఫోను నెట్‌తో టెక్కలి స్విచ్చిలోకి దూరి, రెండు వైపులా ముప్ఫై పెట్టాను. గాలికి ఓర్చుకుంటుంది, నిజంగా తెగితే అరనిమిషంలో తెలుసుకుంటుంది. కానీ కొత్త మాట అమలవ్వాలంటే పాత సంబంధాన్ని ఒకసారి నేనే తెంపాలి.

"మావా, ఇంకొక్కసారి ఆపాల."

"ఈయన ఎదురుగానా? నన్ను సంపెయ్రా, అది సులువు."

"ఆపు అల్లుడూ, ఆపు. నాకేటి తొందర?" అన్నాడు వ్యాపారి ఉత్సాహంగా.

ఆపాను. ఇంకో ఐదు పోయింది. కలిసింది. డిష్షు ఊగుతూనే ఉంది, బిల్లు మాత్రం పూర్తయింది. లారీ కదిలింది.

ఆఖరి లెక్క. వ్యాపారి కొట్టేసింది కేజీకి పదిహేను. కేబులు తెంపినవాళ్ల మీదికి కొంత తోద్దామని చూశాను. కుదరలేదు, రెండో దారి పెట్టుకున్నదే అందుకు. పదిహేను నష్టమూ నా తప్పే. మరమ్మతు కూలి సున్నా. పెట్రోలు అడగలేదు. కొట్లో తాగిన టీలు రాయలేదు, అవి ఎలాగూ తాగేవాణ్ణే.