ఎడమ రికాబు

దెయ్యాలు, ఆత్మలు అనే మాటలు మా ఇంట్లో వినపడవు. మాది చర్చికి పోయే కుటుంబం. చనిపోయినవాళ్లు దేవుని దగ్గర ఉంటారని, తిరిగి రారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. పైగా నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. నంద్యాలలో మోటార్లు, పంపులు అదిరితే ఎందుకు అదురుతున్నాయో కనిపెట్టి సరిచేయడం నా ఉద్యోగం. కారణం లేకుండా ఏ యంత్రమూ అదరదు. కారణం దొరకలేదంటే ఇంకా సరిగ్గా వెతకలేదని అర్థం. ఈ సంగతినీ అలాగే వెతికాను.

మా మేనమామ దావీదు ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో పెళ్లి గుర్రం నడుపుతాడు. దాని పేరు చుక్క. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్ర ఆడగుర్రం. ఊరేగింపులో మామ ముందు పగ్గం పట్టుకునేవాడు. శాంతమ్మ అత్త ఎడమ పక్కన రికాబు తోలుపట్టీ పట్టుకుని నడిచేది. రికాబంటే కాలు పెట్టుకునే ఇనుప కడియం. మునుపెన్నడూ గుర్రం ఎక్కని పెళ్లికొడుకు కుడి పక్కకు ఒరిగినప్పుడల్లా అత్త ఆ పట్టీని కిందికి గుంజి జీనును నిలబెట్టేది. అత్త పొట్టి మనిషి. ఆమె పూలకుచ్చు కట్టడానికి వస్తే చుక్క తనంతట తానే తల బాగా కిందికి వంచేది. ఇంకెవరికీ అట్లా వంచేది కాదు.

నిరుడు ఒక పెళ్లి ముగించుకుని వస్తూ, ఊరి బయట కాలువ కల్వర్టు దగ్గర అత్త కూలబడిపోయింది. అక్కడి నుంచే ఆటోలో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. మళ్లీ ఇంటికి రాలేదు.

అప్పటి నుంచి చుక్క ఆ కల్వర్టు దగ్గర బెదరసాగింది. ఎడమ పక్కకు చూసి, ఒక్కసారిగా కుడికి దూకేది. అట్లా దూకినప్పుడే మామ కింద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఏ ఊరికి పోవాలన్నా ఆ కల్వర్టు దాటాలి. బెదిరే గుర్రం మీద ఎవరూ పెళ్లికొడుకును ఎక్కించరు. ప్యాపిలి నుంచి ఒక వ్యాపారి వచ్చి దాని పళ్లు, గిట్టలు చూసిపోయాడు. పెళ్లిళ్లు మొదలయ్యేలోగా చుక్క దారికి రాకపోతే అమ్మేయడమేనని మామ అన్నాడు. అని, ఆ పూట అన్నం తినలేదు. అత్త చేతుల మీద పెరిగిన గుర్రం అది.

నేను సెలవు దొరికినప్పుడల్లా ఆళ్లగడ్డ బస్సెక్కి, చుక్క మీద కల్వర్టు దాకా పోయేవాణ్ని. ముందు కారణాలు రాసుకున్నాను. ఒకటి, ముళ్లకంపకు పట్టుకున్న ప్లాస్టిక్ సంచులు. తీసేసినా బెదిరింది. రెండు, నీటి మెరుపు. మబ్బు పట్టిన రోజు పోయి చూశాను, అప్పుడూ బెదిరింది. మూడు, తూములో నీళ్ల చప్పుడు. కాలువ ఎండిన వారం కూడా బెదిరింది. నాలుగు, జ్ఞాపకం. చివరిసారి అత్తను అది చూసింది అక్కడే. దీన్ని నేను తీసేయలేను. మిగిలింది ఐదోది, నేను కూర్చునే తీరు.

ఫోను ఛాతీకి కట్టుకుని వీడియో తీసేవాణ్ని. మామ మంచం మీద పడుకుని అది చూసేవాడు.

"ఏందిరా అల్లుడా, బియ్యం మూట మాదిరి కూచున్యావు? మూటన్నా కుదురుగా ఉంటాది."

"అది బెదురుతాంది మామా. నేనేం చేసేది?"

"దానికంటే ముందు నువ్వు బెదురుతాండావు. మోకాళ్లతో అదుముతాండావు సూడు. నువ్వు అదిమితే, ఏదో వచ్చిందిరా నాయనా అనుకుంటాది అది."

మోకాళ్లు వదులు చేయమన్నాడు. మడమలు కిందికి, బరువు జీనులోకి. గుర్రం బిగుసుకుంటే ఊపిరి బయటికి వదలాలి. మంచం వాకిట్లో వేయించుకుని, ఇంటి ముందర రికాబులు లేకుండా తిప్పించాడు. రెండుసార్లు పడ్డాను. మామ నవ్వాడు. అత్త పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటుంది. "అది సూసే దిక్కు నువ్వు సూడగాకు. దాని చెవుల నడుమ నుంచి దారి సూడు. కన్ను యాడికి పోతే ఒళ్లు ఆడికే పోతాది."

అది సరైన మాటే. తల బరువైనది. తల వంగితే భుజం వంగుతుంది, భుజం వెంట నడుము పోతుంది. గుర్రం దూకే దిక్కుకు ఎదురుగా ఒరిగి ఉన్నవాడు పడక తప్పదు.

ఆ రోజు ఆదివారం, ప్రార్థన ముగిశాక పోయాను. పట్టపగలు, దారి మీద ఎవరూ లేరు. కల్వర్టు ముందు చుక్క ఆగింది. చెవులు ఎడమకు నిక్కాయి. నేను ఊపిరి వదిలి దారి చూశాను. దూకుతుందనుకున్నాను. దూకలేదు. తల కిందికి వంచింది, బాగా కిందికి. కాసేపు అట్లాగే ఉండి, నేను అదిలించకుండానే నడిచింది.

అప్పుడు ఎడమ రికాబు బరువెక్కింది. తోలుపట్టీ నా కాలికి ఒత్తుకుని బిగిసింది. జీను నా కింద ఎడమకు కదలడం తెలిసింది. మునుపైతే దాంతో పాటు ఒరిగేవాణ్ని. మడమలు దించి, నడుము వదులుగా ఉంచి, నిటారుగా కూర్చున్నాను. కళ్లు దారి మీదే పెట్టాను. కల్వర్టు దాటాక బరువు పోయింది. జీను నా కింద మళ్లీ సర్దుకుంది.

మామకు ఏమీ చెప్పకుండా వీడియో ఇచ్చాను. చూశాడు. వెనక్కి జరిపి మళ్లీ చూశాడు.

"ఎడమ పక్క ఎవర్రా పట్టుకున్యారు?"

నేనూ ఫోను మీదికి వంగాను. వీడియోలో చుక్క చెవులు, జూలు, జీను ముందు భాగం, దూరంగా రోడ్డు ఉన్నాయి. కల్వర్టు మీద జీను జూలుకు ఎడమగా జరిగింది. దూరాన రోడ్డు అంచు మాత్రం ఏమాత్రం ఒరగలేదు. నేను ఒరిగి ఉంటే నా ఛాతీ మీది ఫోనూ ఒరగాలి.

"కిందికి సూసినావా?" అన్నాడు మామ.

"లేదు మామా. సూడొద్దని నువ్వే అంటివి గదా."

ఆయన ఫోను గుండె మీద పెట్టుకున్నాడు. "అవున్లే, నేనే అంటి" అన్నాడు.

మామ కర్ర పట్టుకుని నడవగలిగాక పరీక్ష చేసి చూశాం. జీను నడుంపట్టీ అదే బిగువు. నేనే ఎడమకు ఒరిగితే రోడ్డు అంచు ఒరిగింది. ఒట్టి ఎడమ కాలితో తొక్కితే జీనుతో పాటు నేనూ జారాను. చివరికి మామే ఎడమ పక్కకు వచ్చి, అత్త పట్టుకున్నట్టే పట్టీ పట్టుకుని కల్వర్టు దాటించాడు. వీడియో అచ్చంగా ఆ ఆదివారం మాదిరే వచ్చింది, ఒక్క తేడాతో. ఆయన పక్కన ఉన్నా చుక్క తల వంచలేదు.

వ్యాపారికి ఫోను చేసి రావద్దన్నాం. చుక్క ఆ తర్వాత అక్కడ ఎన్నడూ బెదరలేదు. ఊరేగింపుల్లో ఎడమ రికాబు ఇప్పుడు మామే పడతాడు. పగ్గం ఇంకొకరికి ఇచ్చాడు.

నా కారణాల జాబితాలో ఐదింటి కింద ఆరో అంకె వేసి ఉంది. దాని పక్కన రాయడానికి నాకు ఇప్పటికీ ఏమీ దొరకలేదు. నేనొక్కణ్నే కల్వర్టు దాటిన ప్రతిసారీ ఎడమకు చూడాలనిపిస్తుంది. చుక్క చెవుల నడుమ నుంచి దారే చూస్తాను. ఇంటికి చేరగానే మామ అడిగేది ఒక్కటే: "తల వంచిందా?"

ఇంతవరకు మళ్లీ వంచలేదు.