మూడు నిద్రల దూరం

మా పక్కింటి ఉలాయుక్ ఒకరోజు తలుపు తట్టకుండా లోపలికొచ్చి, "అక్కా, మా అమ్మ పుట్టింది!" అన్నాడు.

క్లైడ్ రివర్ అనే ఊళ్లో కాపురముంటున్న అతని కూతురు తపీసాకు ఆడపిల్ల పుట్టింది. కిందటేడు పోయిన ఉలాయుక్ తల్లి పేరే ఆ పిల్లకు పెట్టారు. మా వాళ్ల నమ్మకంలో పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. ఇక ఆ పసిగుడ్డు అతనికి అమ్మే. తల్లి పోయేనాటికి అతను వేటకెళ్లి తుపానులో చిక్కుకున్నాడు, కడచూపు దక్కలేదు. ఈసారి ఆలస్యం చేయకూడదని అతని పట్టుదల.

ఉలాయుక్ బతుకంతా సముద్రపు మంచు మీదే గడిచింది. మా ఊరు పాండ్ ఇన్లెట్ నుంచి క్లైడ్ ఎంత దూరమంటే, మంచు మీద నడిచే మోటారు స్కీడూ మీద మూడు నిద్రలంటాడు, అంటే దారిలో మూడు రాత్రులు. కిలోమీటర్లు అతనికి పట్టవు. కానీ ఏడాదిగా మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అందుకే విమానమెక్కుతానన్నాడు. గాలిలో నాలుగు వందల కిలోమీటర్లు, గంట ప్రయాణం.

విమానాశ్రయానికి నేనూ వెళ్లాను. వెళ్లకపోతే ఎవరేం పట్టుకెళ్తున్నారో తెలిసేదెలా? సామాను చూసే నుతరాక్ అతని సంచి తెరిచి నోరు వెళ్లబెట్టింది. పొయ్యి, కెటిల్, మంచు కోసే కత్తి, మూడు రోజులకు సరిపడా ఎండు మాంసం.

"పెద్దాయనా, గంటలో దిగిపోతావు. దారిలో ఇగ్లూ కడతావా ఏంటి?"

"దిగకపోతే?"

"దిగకపోయినా పొయ్యి మాత్రం ఎక్కనివ్వను."

పొయ్యీ కత్తీ నా చేతిలో పెట్టింది.

విమానం వెళ్లింది. క్లైడ్‌లో గాలికి మంచు లేచి రన్‌వే కనబడలేదట. పోయిన మనిషిని పోయినట్టే తెచ్చి మా ఊళ్లో దింపింది.

"ఎలా ఉంది తమ్ముడూ క్లైడ్?" అన్నాను.

"తెల్లగా ఉందక్కా."

మర్నాడూ అదే కథ. మూడో రోజు విమానమే లేదు. అతని భార్య ఇక్కుసిక్‌కు ఒళ్లు మండింది.

"గంట గంటంటూ ఎన్నాళ్లు కూర్చుంటావ్? లే. స్కీడూ నేను నడుపుతా. నువ్వు వెనక కట్టిన బండిలో కూర్చుని దారి చెప్పు."

"నువ్వు గట్టిగా తోల్తావే!"

"అయితే గట్టిగా పట్టుకో."

కొండల చాటున గాలి తగలని దారి అతనికి కొట్టినపిండి. నా దగ్గరున్న పొయ్యీ కత్తీ తీసుకుని ఆ పూటే బయల్దేరారు.

తర్వాత సంగతి ఫోనులో ఇక్కుసిక్ నోట రాబట్టాను. బయల్దేరిన రెండో రోజు వాళ్ల నెత్తి మీదుగా విమానం క్లైడ్ వైపు దూసుకుపోయిందట. ఇక్కుసిక్ స్కీడూ ఆపి మొగుణ్ణి కొరకొరా చూసింది.

"నన్ను చూడకు. టీ పెట్టు. అది వెనక్కొస్తుంది" అన్నాడట.

టీ తాగి లేచేలోగా విమానం తిరిగి మా ఊరి వైపు పోయింది. ఇద్దరూ చేతులూపారు.

నాలుగో రోజు క్లైడ్ చేరారు. ఆ రోజే అక్కడ గాలి తగ్గి విమానమూ దిగిందనుకోండి. అయినా దానికంటే ముందు ఉలాయుక్ దిగాడు.

"ఫోను వాడికియ్యి" అన్నాను ఇక్కుసిక్‌తో.

"చెప్పక్కా!"

"అమ్మ ఏమంది?"

"గుర్తుపట్టింది! నా వేలు పట్టుకుంది, వదలట్లేదు."

"మాటలు దూరంగా వినపడుతున్నాయేం? ఫోను సరిగ్గా పట్టుకో."

"ఇక్కుసిక్ పట్టుకుంది. నా చేతులు ఖాళీ లేవక్కా."